బీడీ కట్ట లెక్క నుంచి మొదలుపెట్టండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వామపక్ష రాజకీయ భావాలను పిల్లలకు, ముఖ్యంగా హైస్కూలు వయసు వారికి, ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి, అసలు చెప్పాలా అన్నదే ఆ విషయం. అందుకే శీర్షిక మొత్తాన్ని ఈసారి దానికే కేటాయించాను. ఉత్తరాలను కుదించాను, రాసినవారి పేర్లు వేయలేదు.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తున్నాను. శ్రమ, పెట్టుబడి, సోషలిజం వంటి విషయాలను వాళ్ళకు పరిచయం చేయాలని ఉంది. చిన్న పుస్తకాలు ఇస్తే రెండు పేజీలు దాటడం లేదు. నిర్వచనాలు బోర్డు మీద రాస్తే నోట్సులో ఎక్కించుకుంటున్నారు గాని నోరు విప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక ఉపాధ్యాయురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: మీ పిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం వాళ్ళ బద్ధకం కాదమ్మా, మనం నిర్వచనం దగ్గర మొదలుపెట్టడం. "ఉత్పత్తి సాధనాల మీద సమాజ యాజమాన్యం" అన్న మాటను పద్నాలుగేళ్ళ పిల్ల బట్టీ పట్టగలదు, పరీక్షలో తప్పు లేకుండా రాయగలదు. ఆ మాటకూ తన ఇంటి వసారాలో ఉన్న చాటకూ సంబంధం ఉందని ఎవరూ చూపించకపోతే మాత్రం పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతుంది. సాంఘిక శాస్త్రం చెప్పిన తొలి ఏళ్ళలో నేనూ ఈ పొరపాటే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు దారి చూపింది ఒక విద్యార్థిని. నిజామాబాద్ జిల్లాలో నేను పనిచేసిన ఊళ్ళో ఎక్కువ ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుట్టేవారు. ఒక ఆదివారం తొమ్మిదో తరగతి అమ్మాయి ఆలస్యంగా వచ్చి, అమ్మ చుట్టిన బీడీలను ఖార్ఖానాలో అప్పజెప్పి వచ్చానని చెప్పింది. ఆ పని ఎలా ఉంటుందో మిగతావారికి చెప్పమంటే, మరుసటి వారం చాటనే తెచ్చి మా మధ్య పెట్టింది. రాత్రంతా నానిన తునికాకు, ఆకు మీద పెట్టి కత్తిరించడానికి అరిగిపోయిన రేకు ముక్క, కత్తెర, ఒక మూల తంబాకు, దారపు ఉండ. ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరచడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం అన్నీ ఆ పిల్ల మాట్లాడుతూనే చేసింది. బొటనవేలి పక్కన కత్తెర ఒరుసుకుని కాయ కాసిన చోటు చూపించి, "మా అమ్మకు ఇంకా పెద్దగా ఉంటుంది టీచర్" అంది. ఆ రోజు నా పాఠంలో నేను చెప్పిన ఏ మాటకూ అంత బరువు లేదు.

తరువాత బోర్డు మీద లెక్క వేశాం. 25 బీడీలు ఒక కట్ట, వెయ్యి బీడీలకు 40 కట్టలు. లెక్క సులువుగా ఉండటానికి అంకెలు మేమే అనుకున్నాం: వెయ్యి చుడితే కూలి రూ.200, దుకాణంలో కట్ట రూ.15. అంటే 40 కట్టలకు రూ.600. తేడా రూ.400. "నాలుగొందలూ సేటే తింటున్నాడు!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. చెప్పేవారు జాగ్రత్తపడవలసింది సరిగ్గా ఇక్కడే. పిల్లవాడి కోపం మనకు నచ్చినది కాబట్టి దాన్ని అలాగే వదిలేస్తే మనం లెక్క చెప్పినట్టు కాదు, కోపం నేర్పినట్టు. నేను ఆ నాలుగు వందల పక్కన ఆకు, తంబాకు, దారం, కాగితం, రవాణా, పన్ను, దుకాణదారుడి వంతు అని రాయించి, ఒక్కొక్క దానికీ ఎంత పోతుందో వాళ్ళనే కనుక్కుని రమ్మన్నాను. రెండు వారాలు పట్టింది. ఒకడు కిరాణా కొట్టులో అడిగి వచ్చాడు, ఒకతె ఖార్ఖానాలో గుమాస్తాను అడిగి తిట్లు తిని వచ్చింది. అన్నీ తీసేసినా ఎంతో కొంత మిగిలింది. ఆ మిగిలినది ఎవరిది, ఎందుకు అన్నదే మొత్తం వామపక్ష ఆర్థిక చింతనకు మూల ప్రశ్న. కార్మికురాలి శ్రమ సృష్టించిన విలువలో ఆమెకు కూలిగా తిరిగి రాకుండా యజమానికి మిగిలే భాగాన్ని మార్క్స్ అదనపు విలువ అన్నాడు. ఆ పేరును నేను బోర్డు మీద రాసింది మూడో వారంలో. అప్పటికి ఆ పేరు పెట్టవలసిన వస్తువు వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి ఎవరికీ మళ్ళీ వివరించవలసిన అవసరం రాలేదు. తునికాకు ధరలోనూ మండుటెండలో అడవిలో ఆకు తెంపి, కట్టలు కట్టి, కల్లానికి చేర్చేవారి కూలి దాగి ఉందని కనిపెట్టింది కూడా పిల్లలే.

అదే మూడో వారంలో ఒక అబ్బాయి లేచి, "సేటు డబ్బు పెట్టకపోతే మా అమ్మకు ఆ పని కూడా ఉండదు కదా టీచర్?" అన్నాడు. మీ పిల్లల్లో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే సంతోషించండి, తొందరపడి దాన్ని ఓడించకండి. పెట్టుబడిదారుడు నష్టానికి సిద్ధపడి ముందుగా డబ్బు పెడతాడు, సరుకు అమ్ముడుపోకపోయినా కూలి ఇవ్వవలసి ఉంటుంది అన్నది ఒక వాదం. ఆ డబ్బు కూడా గతంలో ఎవరో చేసిన శ్రమ నుంచి పోగైనదే, పని ఇవ్వడానికి సేటే ఉండనక్కరలేదు అన్నది రెండో వాదం. ఈ రెండోదానికి నేను కేరళను చూపిస్తాను. 1966లో కేంద్రం బీడీ, చుట్ట కార్మికుల కోసం చట్టం చేసింది. దాన్ని అమలు చేయవలసి వచ్చేసరికి కన్నూరు ప్రాంతంలోని పెద్ద యజమానులు ఖార్ఖానాలు మూసేశారు. పని పోయిన కార్మికులు 1969లో ప్రభుత్వ సాయంతో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నారు. సేటు లేకుండానే వేలమందికి పని దొరికింది. అయితే బీడీ తాగేవారు తగ్గేకొద్దీ ఆ సంఘమూ చిక్కిపోయి, ఆహార పదార్థాలు, గొడుగులు, దుస్తుల తయారీకి మళ్ళవలసి వచ్చిందని కూడా పిల్లలకు చెప్పాలి. సహకార సంఘానికైనా సరుకు అమ్ముడుపోవాలన్న మొదటి వాదంలోని నిజం అక్కడ కనబడుతుంది.

ఆ కన్నూరు ఖార్ఖానాలలో ఇంకొక ఆచారం ఉండేది, అది మీ గ్రంథాలయానికి నేరుగా పనికివస్తుంది. అందరూ చుడుతుండగా ఒకరు దినపత్రికలూ పుస్తకాలూ పైకి చదివేవారు. చదివినవారు ఆ సమయంలో చుట్టలేకపోయిన బీడీలను మిగతావారు తమ వంతులోంచి సర్దేవారు. బడి మొహం చూడని కార్మికులెందరికో రాజకీయాలు తెలిసింది ఆ చదువు వినడం వల్లే. మీరూ పుస్తకాన్ని పిల్లల చేతికిచ్చి పంపడం మాని, పది నిమిషాలు పైకి చదివి, ఆపి, మాట్లాడించండి.

బీడీలు లేని ఊళ్ళలో కౌలు లెక్క తీసుకోవచ్చు. గోదావరి డెల్టాలో ఎకరం మాగాణికి పండిన బస్తాలెన్ని, భూమి యజమానికి మక్తా కింద కొలిచినవెన్ని, ఎరువులకూ కోతకూ పోయినవెన్ని, చివరకు దున్నినవాడికి మిగిలినవెన్ని అన్నది ఏ కౌలురైతు బిడ్డయినా సాయంత్రానికల్లా ఇంట్లో అడిగి రాగలదు.

ప్రశ్న: ఎడమ, కుడి అనే మాటలు రాజకీయాల్లోకి ఎందుకు వచ్చాయి? సోషలిజం, కమ్యూనిజం రెండూ ఒకటేనా? – పదో తరగతి విద్యార్థి, నెల్లూరు

జవాబు: బాబూ, ఆ మాటలు కూర్చున్న చోటు నుంచి వచ్చాయి. 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో, సభ చేసిన చట్టాన్ని అడ్డుకునే అధికారం రాజుకు ఉండాలా అన్న చర్చ నడిచింది. ఉండాలన్నవారు అధ్యక్షుడి కుర్చీకి కుడివైపున, వద్దన్నవారు ఎడమవైపున చేరారు. అప్పటి నుంచి ఉన్న అధికారాన్నీ ఆస్తి సంబంధాలనూ నిలబెట్టాలనేవారికి కుడి అనీ, వాటిని మార్చి సమానత్వం వైపు నడపాలనేవారికి ఎడమ, అంటే వామపక్షం అనీ పేరు స్థిరపడింది. మన ఇళ్ళలో ఎడమ చేతిని తక్కువగా చూసే అలవాటు ఉంది. ఆ అలవాటుకూ ఈ మాటకూ ఏ సంబంధమూ లేదు.

రెండో ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది. భూమి, గనులు, కర్మాగారాలు వంటివి కొద్దిమంది సొంత ఆస్తిగా కాక సమాజం ఉమ్మడి ఆస్తిగా ఉండాలనే భావాలన్నిటికీ సోషలిజం అన్నది పెద్ద గొడుగు. ఆ గొడుగు కింద బ్రిటన్‌లో తన మిల్లులోనే పనిగంటలు తగ్గించి, కార్మికుల పిల్లలకు బడి పెట్టిన రాబర్ట్ ఓవెన్ ఉన్నాడు, 1848లో కమ్యూనిస్టు ప్రణాళిక ప్రచురించిన మార్క్స్, ఎంగెల్స్ ఉన్నారు. వర్గాలూ ప్రభుత్వపు బలప్రయోగమూ అవసరం లేని సమాజాన్ని వారు కమ్యూనిజం అన్నారు. 1917 రష్యా విప్లవం తరువాత దారులు బాగా చీలాయి. ఎన్నికలు, చట్టాల ద్వారా మెల్లగా మార్చాలనేవారు సోషల్ డెమోక్రాట్లుగా, విప్లవమే దారి అన్నవారు కమ్యూనిస్టులుగా వేరుపడ్డారు. మన దేశంలో ఈ గీత కూడా చెరిగిపోతూ వచ్చింది. 1957లో కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వాన కమ్యూనిస్టులు ఓట్లతోనే ప్రభుత్వం ఏర్పాటు చేశారు. పార్టీ 1964లో ఒకసారి చీలింది, 1969లో ఎన్నికల దారిని కాదన్నవారు మరొక పార్టీ పెట్టుకున్నారు. మీ జిల్లాకే చెందిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య ఈ చరిత్రలో చాలా భాగానికి సాక్షి. అలగానిపాడులో 1913 మే 1న పుట్టారు. ఆ ఊళ్ళో ఎవరినైనా అడిగితే చెప్పేవారు ఉంటారు, వెళ్ళి అడుగు.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితుల ద్వారా వామపక్ష పుస్తకాలు తెచ్చుకుంటున్నాడు. పదహారేళ్ళ వయసులో రాజకీయాలు ఎందుకు? ఇది లేత మనసుల్లో ఒక పక్షపు భావాలను నాటడం కాదా? – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీ భయాన్ని నేను తేలికగా తీసుకోను. పిల్లల చేత నినాదాలు ఇప్పించడాన్నీ, జెండా పట్టించి ఊరేగింపులో ముందు నడిపించడాన్నీ నేను ఏ పార్టీ చేసినా వ్యతిరేకిస్తాను, ఆ జెండా నాకు ఇష్టమైన రంగుదైనా సరే. పిల్లవాడికి ఒక వాదం చెప్పి, దానికి ఎదురు వాదాన్ని దాచిపెట్టడం మోసం. కాని పదహారేళ్ళ అబ్బాయి ఇప్పటికే రాజకీయాల మధ్యే ఉన్నాడమ్మా. ఫోనులో ప్రతి పది నిమిషాలకు ఎవరో ఒకరు వాడికి ఏదో ఒక పక్షాన్ని అమ్ముతూనే ఉన్నారు. పుస్తకానికి ఒక మేలు ఉంది. అది కూర్చోబెట్టి వాదిస్తుంది, మధ్యలో మూసి ఆలోచించనిస్తుంది.

మీరు అబ్బాయి పక్కన కూర్చుని చదవడానికి ఒక చిన్న సందర్భాన్ని సూచిస్తాను. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో కె.టి. షా అనే సభ్యుడు మొదటి అధికరణంలోనే 'సోషలిస్టు' అన్న మాటను చేర్చాలని సవరణ ప్రతిపాదించాడు. అంబేద్కర్ దాన్ని వ్యతిరేకించాడు. సమాజం ఎలా నడవాలో ఆయా కాలాల ప్రజలే తేల్చుకోవాలి, రాజ్యాంగంలో దాన్ని కట్టిపడేస్తే వాళ్ళ స్వేచ్ఛను తీసుకున్నట్టే అన్నది ఆయన మొదటి కారణం. షా కోరుతున్నది ఆదేశిక సూత్రాల్లో అప్పటికే ఉంది కదా అన్నది రెండోది. నిజంగానే 39వ అధికరణం, సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడి అందరికీ నష్టం కలగకుండా ప్రభుత్వం చూడాలంటుంది, సమాజపు వనరుల యాజమాన్యం అందరి మేలు కోసం పంపిణీ కావాలంటుంది. 'సోషలిస్టు' అన్న మాట పీఠికలోకి వచ్చింది 1976లో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, 42వ సవరణతో. దాన్ని తీసేయాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది.

ఇప్పుడు మీ అబ్బాయిని అడగండి: షాది సరైన మాటా, అంబేద్కర్‌దా? ప్రతిపక్షాలు జైళ్ళలో ఉన్నప్పుడు చేర్చిన ఒక మంచి మాటను ఎలా చూడాలి? ఈ ప్రశ్నలతో వాడు మీతో అరగంట వాదిస్తే వాడి మనసులో ఎవరూ ఏదీ నాటలేదని మీకే తెలుస్తుంది. వాదించకుండా ఏదో ఒక పేరు చెప్పి ఊరుకుంటే అప్పుడు నాకు మళ్ళీ రాయండి.

ప్రశ్న: మేము చదువుకునే రోజుల్లో విశాలాంధ్ర వారి దగ్గర సోవియట్ పుస్తకాలు రెండు మూడు రూపాయలకు దొరికేవి. మా తరం ఎర్రబడింది ఆ పుస్తకాలతోనే. ఇప్పుడు నా మనవరాలికి ఏం చదివించాలో తోచడం లేదు. – ఒక విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

జవాబు: ఆ పుస్తకాల వాసన నాకూ గుర్తుంది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు మన భాషలో పుస్తకాలు అచ్చువేయడం, అందుకు ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళభండి వెంకటేశ్వరరావు వంటివారు అక్కడే ఉండి అనువాదాలు చేయడం తెలుగు పిల్లలకు జరిగిన గొప్ప మేలు. మందపాటి అట్ట, రంగుల బొమ్మలు, పేదింటి పిల్ల కూడా కొనుక్కోగల ధర. ప్రతి బిడ్డకూ మంచి పుస్తకం దక్కాలన్నది కూడా ఒక వామపక్ష భావమే అనుకుంటే, ఆ భావాన్ని ఏ వ్యాసం కన్నా బాగా చెప్పినవి ఆ ధరలే.

అయితే ఆ పుస్తకాలు మనకు చెప్పనిది కూడా చాలా ఉంది. 1932–33లో ఉక్రెయిన్‌లోనూ ఇతర ప్రాంతాల్లోనూ లక్షల మంది ఆకలితో చనిపోతుంటే ధాన్యం సేకరణ ఆగలేదు. 1937–38 రెండేళ్ళలోనే సుమారు 6 లక్షల 80 వేల మందికి మరణశిక్ష వేసినట్టు ఆ ప్రభుత్వపు సొంత రికార్డులే చెబుతున్నాయి. చనిపోయినవారిలో విప్లవాన్ని నడిపిన కమ్యూనిస్టులూ ఉన్నారు. ఇవి శత్రువుల కట్టుకథలని మన పెద్దలు చెప్పారు, మనం నమ్మాం. మీ మనవరాలు ఇవి మీ నోటితో వినాలి. పరాయివారి దగ్గర మొదటిసారి విన్న రోజున ఆ పిల్ల, తాతయ్య చెప్పిన మిగతావి కూడా అబద్ధాలే అనుకుంటుంది. నమ్మినవారే నమ్మిన దాని తప్పులు చెబితే పిల్లలు వింటారు.

ఏం చదివించాలని కదా అడిగారు. మార్క్స్ 'పెట్టుబడి' ఆధారంగా రంగనాయకమ్మ పిల్లల కోసం రాసిన ఆర్థిక శాస్త్ర పాఠాలు తెలుగులో ఉన్నాయి. రచయిత్రిది రాజీలేని పక్షం, ఆ సంగతి ముందే చెప్పి, వారానికి ఒక పాఠం చొప్పున మీరూ మనవరాలూ కలిసి చదవండి. తెలంగాణ పోరాటాన్ని మాత్రం విడవకండి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను తానే ఇంటికి చేర్చుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ, 1946 జులై 4న కడవెండిలో తుపాకీ కాల్పులకు బలైన దొడ్డి కొమరయ్య, వెట్టి అంటే ఏమిటి, 1951 అక్టోబరు వరకు ఊళ్ళలో ఏం జరిగింది అన్నవి మనవరాలికి పేర్లుగా కాక మనుషులుగా తెలియాలి. సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని సుందరయ్య ఆ పోరాటం మీద తాను రాసిన పుస్తకంలో చెప్పారు. ఆ అంకె చెప్పాక, స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీల బృందం 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెరిచి, ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్నది చదివించండి. తుపాకులు మోసి, అడవుల్లో బిడ్డలను కని, పోరాటం ముగియగానే ఇక ఇంటికి వెళ్ళి సంసారం చేసుకోమన్న మాట విన్నవారి బాధ అందులో ఉంది. పదిహేనేళ్ళ ఆడపిల్లకు సమానత్వం గురించి ఇంతకన్నా నిజమైన పాఠం నాకు తెలియదు.

ప్రశ్న: నేను చదివిన వామపక్ష పుస్తకాల్లో కూలి, రైతు, కార్మికుడు ఉన్నారు గాని మా వాడ లేదు. మా తమ్ముడికి ఈ పుస్తకాలు ఇవ్వాలా? – దళిత విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఇవ్వండి, మీ ప్రశ్నతో కలిపి ఇవ్వండి. 1853లో మార్క్స్ భారతదేశం గురించి రాస్తూ, రైల్వేలతో వచ్చే ఆధునిక పరిశ్రమ కులానికి ఆధారమైన వంశపారంపర్య శ్రమ విభజనను కరిగించివేస్తుందని ఆశించాడు. పరిశ్రమ వచ్చింది. బొంబాయి బట్టల మిల్లుల్లో ఏం జరిగిందో చూడండి. నేత విభాగంలో కండె (దారపు చుట్ట) మార్చినప్పుడల్లా దారాన్ని నాడె (మగ్గంలో దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే పనిముట్టు) రంధ్రంలోంచి నోటితో పీల్చి తీయాలి. అస్పృశ్యుడు నోరు పెట్టిన నాడెను మేము ముట్టమని సవర్ణ కార్మికులు పట్టుబట్టారు. దానివల్ల కూలి ఎక్కువ వచ్చే ఆ విభాగంలోకి దళితులను రానివ్వలేదు. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టాడు. కులం శ్రమను విభజించడంతో ఆగదు, శ్రామికులనే విభజిస్తుంది అని 1936లో ఆయన రాసిన మాట వెనుక ఆ నాడె ఉంది. మీ తమ్ముడికి ఈ ఉదంతం చెప్పండి. మార్క్స్ వాక్యం ఒక పక్క, ఆ నాడె ఒక పక్క పెడితే, ఎంత పెద్ద ఆలోచనాపరుడి మాటనైనా బతుకుతో సరిచూసుకోవాలని వాడికి తెలుస్తుంది.

ఇందులో రెండో సగం కూడా చెప్పాలి. సమ్మె హక్కును కత్తిరించే బిల్లుకు వ్యతిరేకంగా 1938 నవంబరు 7న బొంబాయిలో అంబేద్కర్ స్థాపించిన స్వతంత్ర కార్మిక పార్టీ, కమ్యూనిస్టులు కలిసి సమ్మె చేశారు. కలిసి నడవడం అసాధ్యం కాదని ఆ రోజు చూపింది. ఆ కలయిక ఎందుకు నిలవలేదో మన చరిత్ర ఇంకా జవాబు చెప్పుకోవలసే ఉంది. మీ జిల్లాకు పక్కనే ఉన్న కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపిన తరువాత, దళిత మహాసభ పుట్టిన తరువాత గాని తెలుగు వామపక్షంలో చాలామంది కులాన్ని విడిగా చూడవలసిన అవసరాన్ని ఒప్పుకోలేదు. ఆలస్యంగా ఒప్పుకున్నామని చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. మీ వాడ లేని పుస్తకం సగం పుస్తకమే. మిగతా సగం రాసే వయసు మీకు వచ్చింది.

ప్రశ్న: అమెరికాలో మా పిల్లల బడిలో సోషలిజం అంటే తిట్టుమాట. ఏం చెప్పాలి? – ఒక తండ్రి, డల్లాస్

జవాబు: ఆ దేశపు చరిత్రనే చెప్పండి. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మే 1న సమ్మె మొదలై, మేడే పుట్టింది అక్కడే. ఆ సమ్మె రోజుల్లో కార్మికుల సభ జరిగిన చికాగో హే మార్కెట్ కూడలి ఇంకా ఉంది. చూపూ వినికిడీ లేకపోయినా పంపు దగ్గర నీళ్ళ మాట నేర్చుకున్న చిన్నపిల్లగా మీ పిల్లలకు తెలిసిన హెలెన్ కెల్లర్ పెద్దయ్యాక 1909లో సోషలిస్టు పార్టీలో చేరింది. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ 1920లో జైల్లో ఉండి అధ్యక్ష పదవికి పోటీ చేస్తే తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ఐన్‌స్టీన్ 1949లో సోషలిజం ఎందుకు అన్న వ్యాసం రాశాడు. తిట్టుమాటో కాదో ఆ తరువాత పిల్లలే తేల్చుకుంటారు.

ప్రశ్న: మనిషి ఎనిమిది గంటలే పనిచేయాలని మా సోషల్ పుస్తకంలో ఉంది. మా అమ్మ బట్టల షోరూములో పొద్దున తొమ్మిదికి వెళ్ళి రాత్రి తొమ్మిదిన్నరకు వస్తుంది. కాళ్ళు వాచిపోతాయి. పుస్తకం తప్పా? – ఏడో తరగతి విద్యార్థిని, గుంటూరు

జవాబు: తల్లీ, నీ పుస్తకం తప్పు కాదు, నువ్వు చూసింది కూడా తప్పు కాదు. రెండూ నిజమైనప్పుడు మధ్యలో ఏం జరిగిందో వెతకాలి.

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదని, ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలతో తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదని అందులో రాశారు. అంటే ఎనిమిదేళ్ళ పిల్ల తొమ్మిది గంటలు పనిచేయడం అప్పుడు చట్టం ఒప్పుకున్న విషయం. పెద్దవాళ్ళ గంటలు 1922లో వారానికి 60కి, 1934లో 54కి, అంబేద్కర్ కార్మిక శాఖ చూసిన కాలంలో 1946లో 48కి తగ్గాయి. తగ్గిన ప్రతిసారీ దాని వెనుక సమ్మెలూ, సంఘాలూ, జైళ్ళూ ఉన్నాయి. ఎవరూ దయతలచి ఇవ్వలేదు. దుకాణాల్లో పనిచేసేవారి కోసం మన రాష్ట్రంలో 1988లో వేరే చట్టం చేసి, అందులోనూ రోజుకు ఎనిమిది, వారానికి 48 గంటలని పెట్టారు. రోజు గంటల విషయంలో ఈమధ్య కొన్ని సడలింపులు వచ్చాయి. చట్టం ఉన్నా దాన్ని అడిగే సంఘం మీ అమ్మ పనిచేసే చోట లేదు, అడిగితే పని పోతుందన్న భయం ఉంది. నీ పుస్తకానికీ మీ ఇంటికీ మధ్య ఉన్న దూరం అదే.

కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు కొన్నేళ్ళు పోరాడారు. వాళ్ళు అడిగినవాటిలో ముఖ్యమైనది పనివేళల్లో కూర్చునే హక్కు. గిరాకీ లేనప్పుడు కూడా నిలబడే ఉండాలన్న నియమం వల్ల వాళ్ళ కాళ్ళూ నీ తల్లి కాళ్ళలాగే వాచేవి. 2018లో కేరళ తన చట్టాన్ని మార్చింది, 2021లో తమిళనాడు మార్చింది. దుకాణంలో పనిచేసేవారికి కూర్చునే వీలు ఉండాలని ఇప్పుడు ఆ రెండు చోట్లా చట్టంలో ఉంది.

ఒక వారం పాటు అమ్మ ఇంట్లోంచి బయలుదేరిన వేళ, తిరిగి వచ్చిన వేళ ఒక కాగితం మీద రాసి కూడు. ఆదివారం అమ్మ కాస్త కుదురుగా ఉన్నప్పుడు ఆ కాగితం చూపించి, షోరూములో వాళ్ళు కూర్చోవడానికి ఒక స్టూలైనా ఉందేమో అడుగు. అమ్మ చెప్పింది నాకు రాయి.